అంతరించే ముప్పుకు కొలమానం: ఎర్ర జాబితాలో మన జీవజాతులు

రంగారెడ్డి జిల్లాలోని బడంగ్‌పేట్, నాదర్‌గుల్, గుర్రంగూడ పరిసరాలలో ఒకప్పుడు మెట్ట పైర్లు, పశువుల మేత బీళ్లు ఉన్న భూములు నేడు చాలావరకు ఇళ్ల స్థలాలుగా మారినవి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఎల్‌బీ నగర్ దాటిన తరువాత విజయవాడ రహదారి పక్కన, వనస్థలిపురం వద్ద మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం ఉన్నది. నిజాం కాలంలో వేట మైదానంగా ఉన్న ఈ భూమిని 1975లో మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆయన పేరిట జింకల వనంగా తీర్చిదిద్దగా, 1994లో దీనికి జాతీయ ఉద్యానవన హోదా లభించినది. సుమారు 14.6 చదరపు కిలోమీటర్ల ఈ పొదల అడవిలో కొన్ని వందల కృష్ణజింకలు జీవిస్తున్నాయి. నాలుగు వైపులా నగరం పెరిగినందున ఈ మంద బయటికి పోవుటకు గాని, బయటి జింకలు లోనికి వచ్చుటకు గాని వీలు లేకుండా పోయినది.

ప్రపంచ స్థాయి ఎర్ర జాబితాలో కృష్ణజింక ‘స్వల్ప ఆందోళన’ తరగతిలో ఉన్నది. మన దేశ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మాత్రం అదే జింక అత్యున్నత రక్షణ గల మొదటి షెడ్యూలులో ఉన్నది. నారాయణపేట జిల్లాలో కృష్ణా నదిని ఆనుకొని ఉన్న గ్రామాల రైతులు ఈ జింకల మందలు తమ పైర్లను మేసిపోతున్నాయని ఏళ్ల తరబడి మొర పెట్టుకొంటున్నారు. ఆందోళన పడనవసరం లేని జంతువుకు ఇంత రక్షణ ఎందుకన్న ప్రశ్న వారి నుండి రావడం సహజం. దీనికి సరైన సమాధానం తెలియవలెనంటే, ఒక జాతి అంతరించే ముప్పును శాస్త్రవేత్తలు ఏ విధంగా కొలుస్తారో, ఆ కొలత దేనిని చెబుతుందో, దేనిని చెప్పదో తెలుసుకొనవలెను.

ఎర్ర జాబితా పుట్టుక

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1948 అక్టోబరులో ఫ్రాన్సు దేశంలోని ఫాంటెన్‌బ్లోలో ఏర్పడినది. ఐయూసీఎన్ అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధమైన ఈ సంస్థ 1964 నుండి ముప్పులో ఉన్న జీవుల ఎర్ర జాబితాను వెలువరిస్తున్నది. తొలి దశాబ్దాలలో నిపుణుల అనుభవమే తరగతుల నిర్ణయానికి ఆధారం. ఒకే సమాచారాన్ని చూసిన ఇద్దరు నిపుణులు రెండు వేర్వేరు నిర్ణయాలకు రావడానికి అవకాశం ఉండేది. ఈ లోపాన్ని సవరించడానికి బ్రిటిషు శాస్త్రవేత్త జార్జినా మేస్ తదితరుల కృషితో అంకెల మీద ఆధారపడిన ప్రమాణాలు రూపొందినవి. వాటిని సంఘం 1994లో ఆమోదించినది. కొన్ని సవరణలతో 2001లో వెలువడిన 3.1వ కూర్పు నేటికీ అమలులో ఉన్నది.

ఇంతవరకు 1,60,000కు పైగా జాతులను ఈ పద్ధతిలో అంచనా వేయగా, వాటిలో 45,000కు పైగా జాతులకు అంతరించే ముప్పు ఉన్నట్లు తేలినది. అంచనా వేసిన ఉభయచరాలలో నూటికి నలభై వంతులు, పక్షులలో సుమారు పన్నెండు వంతులు ముప్పులో ఉన్నాయి. వృక్షజాతులలో మూడింట ఒక వంతుకు పైగా ఇదే స్థితిలో ఉన్నాయి.

తొమ్మిది తరగతులు

ఎర్ర జాబితాలో మొత్తం తొమ్మిది తరగతులు కలవు. చివరి ప్రాణి కూడా మరణించినదనుటలో సహేతుకమైన సందేహం మిగలనప్పుడు ఆ జాతిని ‘అంతరించినది’ అంటారు. జంతు ప్రదర్శనశాలలలో, తోటలలో లేదా సహజ ఆవాసానికి వెలుపల మాత్రమే మిగిలి ఉన్నది ‘ప్రకృతిలో అంతరించినది’. తరువాతి మూడు తరగతులు ‘తీవ్ర ప్రమాదస్థితి’, ‘ప్రమాదస్థితి’, ‘దుర్బలస్థితి’. ముప్పులో ఉన్న జాతులని వ్యవహరించేది ఈ మూడింటిని కలిపియే. ఈ గీతకు దగ్గరగా వచ్చి ఇంకా దాటనివి ‘ముప్పుకు చేరువ’లో ఉంటాయి. విస్తారంగా, సమృద్ధిగా ఉన్నవి ‘స్వల్ప ఆందోళన’ తరగతికి చెందుతాయి.

మిగిలిన రెండు తరగతులు తెలియనితనాన్ని సూచిస్తాయి. పరిశీలించినప్పటికీ నిర్ణయానికి తగిన సమాచారం లభించనిది ‘సమాచార లోపం’ తరగతిలోను, ఇంకా పరిశీలనకే రానిది ‘అంచనా వేయనిది’ అన్న తరగతిలోను చేరుతుంది. ఈ రెండింటిలో ఉన్నంత మాత్రాన ఆ జాతి క్షేమంగా ఉన్నట్లు కాదు. భూసార పరీక్ష చేయించని పొలంలో పోషక లోపం లేదని చెప్పలేము కదా! ఇదియును అట్టిదే.

అయిదు ప్రమాణాలు

ఒక జాతి ముప్పులో ఉన్నదా లేదా అని నిర్ణయించడానికి అయిదు ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాని పరిమితిలోకి వచ్చినను చాలును. వేర్వేరు ప్రమాణాల ప్రకారం వేర్వేరు ఫలితాలు వచ్చినచో వాటిలో ఎక్కువ ముప్పును సూచించే తరగతినే స్వీకరిస్తారు. తెలుగు నేలలోని జీవుల ఉదాహరణలతో వీటిని సులభంగా గ్రహించవచ్చును.

మొదటి ప్రమాణం: తగ్గుదల వేగం

పదేళ్లు లేదా మూడు తరాలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో ఆ జాతి సంఖ్య ఎంత తగ్గినదో చూస్తారు. 80 శాతం లేదా అంతకు మించి తగ్గినచో తీవ్ర ప్రమాదస్థితి, 50 శాతం తగ్గినచో ప్రమాదస్థితి, 30 శాతం తగ్గినచో దుర్బలస్థితి. తగ్గుదలకు కారణం స్పష్టంగా తెలిసి, అది ఆగిపోయి, పరిస్థితి చక్కబడే వీలున్నచో ఈ పరిమితులు వరుసగా 90, 70, 50 శాతాలుగా ఉంటాయి.

దీనికి రాబందులను మించిన ఉదాహరణ లేదు. భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 1992 నుండి 2007 వరకు 99 శాతానికి పైగా పడిపోయినది. అదే కాలంలో పొడుగు ముక్కు రాబందులు సుమారు 97 శాతం తగ్గినవి. పశువులకు నొప్పి, వాపు తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు దీనికి కారణమని 2004లో వెలువడిన పరిశోధన నిరూపించినది. ఈ మందు ఇచ్చిన కొద్ది కాలంలోనే మరణించిన పశువు కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చనిపోతుంది. వంద కళేబరాలలో ఒకదానికంటే తక్కువ విషపూరితమైనను ఇంతటి పతనానికి చాలునని లెక్కలు చూపినవి. ఒక కళేబరంపై పదుల సంఖ్యలో రాబందులు వాలడం, జత ఏడాదికి ఒకే గుడ్డు పెట్టడం ఇందుకు హేతువులు.

పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను భారత ప్రభుత్వం 2006లో నిషేధించినది. అదే విధమైన హాని కలిగించే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లోను, నిమెసులైడ్‌ను 2024 చివరలోను పశువులకు వాడరాదని ఉత్తర్వులు వెలువడినవి. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అటవీ ప్రాంతంలోని పాలరాపు గుట్ట అంచులపై పొడుగు ముక్కు రాబందుల గూళ్లు గత దశాబ్దంలో వెలుగులోకి వచ్చినవి. బడంగ్‌పేట్ వంటి చోట్ల పశువు చనిపోయినప్పుడు పైన గుంపులుగా తిరిగే రాబందులు నేటి పిల్లలకు కథలలోని పక్షులు మాత్రమే.

రెండవ ప్రమాణం: విస్తరణ పరిధి

ఒక జాతి కనిపించిన చోట్లన్నింటినీ పటంపై గుర్తించి, వాటిని కలుపుతూ చుట్టూ గీత గీసినచో వచ్చే వైశాల్యం ‘విస్తరణ పరిధి’. అది 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉన్నచో తీవ్ర ప్రమాదస్థితి, 5,000 లోపు ఉన్నచో ప్రమాదస్థితి, 20,000 లోపు ఉన్నచో దుర్బలస్థితి. చుట్టూ గీసిన గీత లోపల ఊళ్లు, చెరువులు, పొలాలు కూడా ఉండవచ్చును. కావున రెండు కిలోమీటర్ల భుజం గల గడులుగా పటాన్ని విభజించి, ఆ జాతి నిజంగా ఉన్న గడులను మాత్రమే లెక్కించే మరొక కొలత కూడా ఉన్నది. దానికి పరిమితులు వరుసగా 10, 500, 2,000 చదరపు కిలోమీటర్లు.

పరిధి చిన్నదైనంత మాత్రాన ముప్పు ఉన్నట్లు నిర్ణయించరు. ఆవాసం ముక్కలు కావడం లేదా కొద్ది స్థలాలకే పరిమితం కావడం, నిరంతర క్షీణత, సంఖ్యలో విపరీతమైన హెచ్చుతగ్గులు అన్న మూడు లక్షణాలలో రెండు ఉండవలెను.

గుత్తి సాలీడు చరిత్ర ఈ ప్రమాణాన్ని చక్కగా వివరిస్తుంది. లోహపు మెరుపుతో కూడిన నీలిరంగు గల ఈ పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా వర్ణించాడు. ఆ తరువాత సుమారు వందేళ్లపాటు దీని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య ఉన్న అడవిలో మళ్లీ కనుగొన్నారు. గుత్తికి అది కలపతోపాటు రైలులో చేరి ఉండవచ్చునని భావిస్తున్నారు. ఊరి పేరు స్థిరపడినది గాని, నిజమైన ఇల్లు వేరొకచోట ఉన్నది. ఈ సాలీడు పరిధి 100 చదరపు కిలోమీటర్లకు లోపే ఉండుట, తెలిసిన స్థలం ఒక్కటే కావుట, చెట్ల నరికివేత వలన ఆవాసం క్షీణించుట అన్న కారణాలచేత దీనిని తీవ్ర ప్రమాదస్థితిలో చేర్చినారు. పెంపుడు ప్రాణులుగా సాలీళ్లను పెంచేవారికోసం సాగే వ్యాపారం దీనికి మరొక బెడద.

మూడవ, నాల్గవ ప్రమాణాలు: మిగిలిన సంఖ్య

ఇక్కడ పిల్లలను వదలి, సంతానం కనగల పెద్ద ప్రాణులను మాత్రమే లెక్కిస్తారు. అవి 250 లోపు ఉండి ఇంకా తగ్గుతూ ఉన్నచో తీవ్ర ప్రమాదస్థితి. 2,500 లోపు ఉన్నచో ప్రమాదస్థితి. 10,000 లోపు ఉన్నచో దుర్బలస్థితి. ఇది మూడవ ప్రమాణం. తగ్గుదల ఉన్నా లేకున్నా సంఖ్య మరీ స్వల్పమైనచో నాల్గవ ప్రమాణం వర్తిస్తుంది. దీని పరిమితులు 50, 250, 1,000. ఒక తుఫాను, ఒక కార్చిచ్చు, ఒక అంటువ్యాధి చాలు, అంత చిన్న గుంపు తుడిచిపెట్టుకొనిపోవుటకు.

కడప జిల్లాలోని కలివి కోడి ఇందుకు తార్కాణం. 19వ శతాబ్దిలో జెర్డాన్ గుర్తించిన ఈ పక్షి 1900 తరువాత కనబడక అంతరించినదని అనుకొనబడినది. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె వద్ద బొంబాయి సహజ చరిత్ర సంఘం పరిశోధకుల కృషి ఫలితంగా మళ్లీ వెలుగులోకి వచ్చినది. దాని రక్షణకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. పగలు పొదలలో దాగి రాత్రివేళ తిరిగే ఈ పక్షిని ప్రత్యక్షంగా లెక్కించుట సాధ్యం కానందున, కూతలు వినుట, మెత్తటి మట్టి పరచిన దారులపై పడిన పాదముద్రలు పరిశీలించుట వంటి పద్ధతులను వాడినారు. పెద్ద పక్షులు 250 లోపేనని, దాదాపు అన్నియు ఒకే గుంపుకు చెందినవని, ఆవాసం తరుగుతున్నదని అంచనా. అందువలన ఇది తీవ్ర ప్రమాదస్థితిలో ఉన్నది. పలుచని పొదలు, మధ్యమధ్య ఖాళీ నేల ఈ పక్షికి కావలెను. అటువంటి నేలను బంజరుగా భావించి పొలాలుగా, తోటలుగా మార్చుట దానికి ప్రధానమైన ముప్పు. తెలుగు గంగ కాలువ మార్గాన్ని ఈ పక్షి ఆవాసం దెబ్బతినకుండా మార్చిన ఘటన, శాస్త్రీయమైన అంచనా పాలనా నిర్ణయాలను ప్రభావితం చేయగలదనుటకు నిదర్శనం.

అయిదవ ప్రమాణం: గణిత అంచనా

జనన, మరణ రేట్లు, ఆవాస మార్పులు వంటి వివరాలతో గణిత నమూనా తయారుచేసి, భవిష్యత్తులో అంతరించే సంభావ్యతను లెక్కగట్టుట అయిదవ ప్రమాణం. పదేళ్లలో లేదా మూడు తరాలలో 50 శాతం అవకాశం ఉన్నచో తీవ్ర ప్రమాదస్థితి. ఇరవై ఏళ్లలో లేదా అయిదు తరాలలో 20 శాతం ఉన్నచో ప్రమాదస్థితి. వందేళ్లలో 10 శాతం ఉన్నచో దుర్బలస్థితి. ఇంతటి వివరమైన సమాచారం కొద్ది జాతులకే లభించును గనుక ఈ ప్రమాణాన్ని అరుదుగా వాడుతారు.

తరగతి మారినంత మాత్రాన స్థితి మారినట్లేనా?

ఎర్రచందనం శేషాచలం, నల్లమల, వెలిగొండ పరిసరాలకే పరిమితమైన వృక్షం. దీనిని 2018లో ‘ముప్పుకు చేరువ’ తరగతిలో చూపినారు. 2021లో తిరిగి ‘ప్రమాదస్థితి’లో చేర్చినారు. గడచిన మూడు తరాలలో ఈ వృక్షాల సంఖ్య 50 నుండి 80 శాతం వరకు తగ్గినదని అంచనా. 2018 తరువాత మూడేళ్లలోనే అడవి సగమైనదని దీని అర్థం కాదు. నెమ్మదిగా పెరిగే వృక్షానికి మూడు తరాలనగా ఎన్నో దశాబ్దాలు. సమాచారం మెరుగుపడినను, లెక్కించే విధానం మారినను తరగతి మారవచ్చును. నిజమైన మార్పును, సమాచారం వలన వచ్చిన మార్పును ఎర్ర జాబితాలో వేరువేరుగా నమోదు చేస్తారు. జాబితాను చదివేవారు తరగతితోపాటు ఆ కారణాన్ని కూడా చూడవలెను.

పొలాలలో ఎర్రచందనం నాటిన రైతులకు ఇక్కడ ఒక విషయం తెలియవలెను. ఈ కలప 1995 నుండి అంతరించే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలోని రెండవ అనుబంధంలో ఉన్నది. భారతదేశపు ఎర్రచందనం వ్యాపారంపై ఆ ఒప్పందం కింద చాలా ఏళ్లుగా సాగిన ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసినది. సాగుచేసిన కలప ఎగుమతికి ఇది కొంత వెసులుబాటు. అయినను నరకడానికి, తరలించడానికి, ఎగుమతి చేయడానికి అటవీశాఖ తదితర అధికారుల అనుమతులు నేటికీ తప్పనిసరి. నాటిన నాటి నుండియే రికార్డులు భద్రపరచుకొనుట శ్రేయస్కరం.

ప్రపంచమంతటి లెక్క, ఊరి లెక్క

ఎర్ర జాబితా ప్రధానంగా ప్రపంచమంతటిలో ఆ జాతి స్థితిని చెబుతుంది. ఒక దేశంలోనో, ఒక జిల్లాలోనో దాని స్థితి పూర్తిగా వేరుగా ఉండవచ్చును. ఆఫ్రికాలో ఇంకను జీవిస్తున్నందున చీతా ప్రపంచ స్థాయిలో ‘దుర్బలస్థితి’లో ఉన్నది. భారతదేశంలో అది అంతరించినదని 1952లోనే ప్రకటించినారు. 2022లో ఆఫ్రికా నుండి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో విడిచిపెట్టినారు. ఇటువంటి తేడాలను చూపడానికే ప్రాంతీయ అంచనాలకు ఐయూసీఎన్ వేరుగా మార్గదర్శకాలు రూపొందించినది.

కృష్ణజింక విషయం కూడా ఇట్టిదే. 2003లో ‘ముప్పుకు చేరువ’లో ఉన్న ఈ జంతువును తరువాతి అంచనాలో ‘స్వల్ప ఆందోళన’కు మార్చినారు. భారతదేశంలో రక్షణ వలన చాలాచోట్ల మందలు నిలదొక్కుకొన్నాయి. కొన్నిచోట్ల పెరిగినవి కూడా. కాని పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ప్రకృతిసిద్ధమైన మందలు అంతరించినవి. అర్జెంటీనాలోను, అమెరికాలోని టెక్సాస్‌లోను మనుషులు తీసుకొనిపోయి పెంచిన మందలు ఉన్నప్పటికీ, సహజ పరిధికి వెలుపల ఉన్నవి గనుక ముప్పు అంచనాలో వాటిని లెక్కించరు. హరిణ వనస్థలి మంద వంటివి ప్రపంచ లెక్కలో ఒక చిన్న అంకె. గోడల మధ్య చిక్కిన ఆ మందకు రక్తసంబంధం లేని కొత్త జింకలు చేరవు. మేత చాలనప్పుడు వలసపోవుటకు చోటు లేదు. జాతి క్షేమంగా ఉన్నను ఆ మంద క్షేమంగా ఉన్నదని చెప్పలేము.

నంద్యాల ప్రాంతంలోని రోళ్లపాడు మరొక పాఠం నేర్పుతుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేసినారు. ఈ పక్షి గడ్డి బీళ్లలో గుడ్లు పెట్టి, చుట్టుపక్కల మెట్ట పొలాలలో ఆహారం వెదకుకొనేది. కాలక్రమంలో బీళ్లు తగ్గి, సాగునీటితో పైర్ల సరళి మారినది. రక్షణ లభించిన కృష్ణజింకలు అక్కడ వృద్ధి చెందగా, బట్టమేక పక్షులు మాత్రం క్రమంగా కనుమరుగైనవి. 2011లో ఈ పక్షిని తీవ్ర ప్రమాదస్థితిలో చేర్చినారు. నేడు దేశమంతటా సుమారు 150 మాత్రమే మిగిలినట్లు అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్ ఎడారి ప్రాంతంలోనివి. ఒకే కంచె లోపల ఒక జాతి పెరుగుట, మరొక జాతి తరుగుట చూసినచో, ముప్పును జాతివారీగా కొలవవలసిన అవసరం బోధపడుతుంది.

జాబితా వేరు, చట్టం వేరు

ఎర్ర జాబితా శాస్త్రీయ నివేదిక. అది ఎవరికీ అనుమతి ఇవ్వదు, ఎవరినీ శిక్షించదు. ఆ పని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానిది. 2022లో సవరించిన ఈ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. మొదటి, రెండవ షెడ్యూళ్లలో జంతువులు, మూడవ దానిలో మొక్కలు, నాల్గవ దానిలో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందానికి సంబంధించిన జాతులు ఉన్నాయి. షెడ్యూళ్ల నిర్ణయంలో అంతరించే ముప్పుతోపాటు ఆ జంతువుపై వేట ఒత్తిడి, దేశంలో దానికి గల ప్రాముఖ్యం వంటివి కూడా పరిగణనలోకి వస్తాయి. నెమలి కూడా ఎర్ర జాబితాలో ‘స్వల్ప ఆందోళన’ తరగతిలోనిదే. చట్టంలో మొదటి షెడ్యూలులోనిది.

పైరు నష్టపోయే రైతుకు ఈ తేడా చాలా ముఖ్యం. రెండవ షెడ్యూలులోని అడవి పంది వంటి జంతువు పైర్లకు ప్రమాదకరంగా మారినదని తేలినచో, దానిని తొలగించడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వకంగా అనుమతించవచ్చును. మొదటి షెడ్యూలులోని కృష్ణజింక, నెమలి విషయంలో పైరు నష్టం అటువంటి అనుమతికి కారణం కాజాలదు. మనిషి ప్రాణానికి ప్రమాదం ఏర్పడినప్పుడు, లేదా ఆ జంతువు కోలుకోలేని గాయంతోనో, జబ్బుతోనో ఉన్నప్పుడు మాత్రమే చట్టం మినహాయింపు ఇస్తున్నది. మొదటి షెడ్యూలు జంతువును వేటాడినచో మూడు నుండి ఏడేళ్ల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. కంచెలకు విద్యుత్తు పారించుట, విషపు ఎరలు పెట్టుట కూడా వేట కిందికే వస్తాయి. ఆ తీగలకు పొరుగు రైతులు, పశువులు బలియైన సంఘటనలు ఏటా వింటూనే ఉన్నాము.

ఇందువలన రైతు బాధ అబద్ధమైపోదు. జాతిని కాపాడిన ఫలం దేశమంతటికి దక్కి, దాని ఖర్చు మాత్రం పొలం గట్టున ఉన్న నాలుగు కుటుంబాలపై పడుట న్యాయం కాదు. నష్టపరిహారం సకాలంలో అందుట, మందలు ఎక్కువైన చోట వాటిని శాస్త్రీయంగా వేరొకచోటికి తరలించుట, సామూహిక కంచెలకు సహాయం చేయుట వంటి చర్యలు లేనిదే ఏ జాబితా గాని, ఏ చట్టం గాని ఎక్కువ కాలం గ్రామాల ఆదరణ పొందజాలదు.

నాటు పశుజాతుల సంగతి

వన్యజీవుల కోసం ఏర్పడిన ఈ జాబితాలో పశువుల జాతులకు చోటు లేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాటి స్థితిని వేరుగా అంచనా వేస్తుంది. సంతానోత్పత్తికి పనికివచ్చే ఆడ పశువుల సంఖ్య, మగ పశువుల సంఖ్య అన్నవి ఇందులో ప్రధానం. ఆడ పశువులు వేలలో ఉన్నను, ఆంబోతులు వేళ్లపై లెక్కించదగినన్ని మాత్రమే ఉన్నచో ఆ జాతి ప్రమాదంలో ఉన్నట్లే. చిత్తూరు ప్రాంతపు పొట్టి పుంగనూరు ఆవును పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం కాపాడుతూ వచ్చినది. అమ్రాబాద్ నల్లమల అంచున పెంచే పొడ తూర్పు పశువులకు జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు లభించినది. జాతి నమోదు కానిదే దాని తరుగుదలను లెక్కించుట కూడా సాధ్యం కాదు.

వన్యజీవుల పునరుద్ధరణలోను హైదరాబాదుకు చెప్పుకోదగిన స్థానం ఉన్నది. అత్తాపూర్‌లోని సీసీఎంబీకి చెందిన అంతరించే జాతుల పరిరక్షణ ప్రయోగశాల, నెహ్రూ జంతు ప్రదర్శనశాల, అటవీశాఖ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం చేపట్టినవి. అలా పెరిగిన జింకలను 2017లో అమ్రాబాద్ అడవిలోనికి విడుదల చేసినారు. మూషిక జింక ప్రపంచ జాబితాలో ‘స్వల్ప ఆందోళన’ తరగతిలోనిదే. అయినను ఇక్కడి అడవులలో అరుదైపోయినదని గుర్తించి చేపట్టిన పని ఇది.

రైతులు, పశుపోషకులు పాటించదగినవి

పశువులకు జ్వరం, నొప్పి, వాపు తగ్గించుటకు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వంటి మందులనే పశువైద్యుని సలహాపై వాడవలెను. మనుషులకోసం తయారైన డైక్లోఫెనాక్‌ను పశువులకు ఎక్కించరాదు. మందు ఇచ్చిన తరువాత మరణించిన పశువును లోతుగా పాతిపెట్టవలెను. విషం చల్లిన కళేబరాన్ని ఆరుబయట వదలుట ఎట్టి పరిస్థితిలోను తగదు.

గడ్డి బీళ్లను, పొదల నేలలను పనికిరాని భూములుగా భావించరాదు. పశుగ్రాసంతోపాటు కలివి కోడి, బట్టమేక పక్షి వంటి వాటికి అవే ఆవాసాలు. కోత సమయంలో పొలంలో పక్షి గూళ్లు కనిపించినచో ఆ కొద్ది చోటును కొన్ని దినాలు వదలివేయవచ్చును. నక్షత్ర తాబేలు, అలుగు వంటి ప్రాణులు కంటబడినచో పట్టుకొనక, అమ్మక, అటవీశాఖకు తెలుపవలెను. ఎర్ర జాబితాలో నక్షత్ర తాబేలు దుర్బలస్థితిలోను, అలుగు ప్రమాదస్థితిలోను ఉన్నాయి. రెండింటికీ దొంగ వ్యాపారమే పెద్ద శత్రువు.

వన్యప్రాణుల వలన పైరు నష్టమైనప్పుడు ఆలస్యం చేయక ఫోటోలు తీసి, సర్వే నంబరు, నష్టపోయిన విస్తీర్ణం వివరాలతో అటవీ, వ్యవసాయ, రెవెన్యూ అధికారులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. ఇటువంటి నమోదులు పరిహారానికి మాత్రమేగాక, మందలు ఎక్కడ పెరుగుతున్నవో, ఎక్కడ తరుగుతున్నవో తెలియజేసే సమాచారంగా కూడా ఉపయోగపడతాయి.

ఎర్ర జాబితాలోని ప్రతి అంకె వెనుక ఎవరో ఒకరు నేలపై చూసి, విని, లెక్కించి వ్రాసిన వివరం ఉంటుంది. రాబందులు కనుమరుగవుతున్నవని గుర్తించిన తరువాత కారణం తెలియుటకు ఏళ్లు పట్టినది; అప్పటికే నూటికి తొంభైకి పైగా పోయినవి. పొలంలో, బీడులో, చెరువుగట్టున ప్రతిదినం తిరిగే రైతుకంటే ముందుగా ఈ మార్పులను గమనించగలవారు లేరు. నిన్నటివరకు వినబడిన కూత నేడు వినబడకపోయినచో ఆ సంగతిని సమీపంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికో, అటవీశాఖకో చెప్పుట జాతి రక్షణలో మొదటి మెట్టు.